ఫర్నేస్ 970 చూపిస్తే ముక్క కూడా 970లోనే ఉందా?

ప్రశ్న: సార్, మాది అనంతపురం. మెటలర్జీలో బీటెక్ చేసి రెండేళ్లుగా బెంగళూరు పీణ్యాలో ఒక ఫోర్జింగ్ యూనిట్‌లో క్వాలిటీ చూస్తున్నాను. ఇన్నాళ్లూ మా దగ్గర స్టీలే. ఈమధ్య మొదటిసారి టైటానియం ఆర్డర్ వచ్చింది. గ్రేడ్ 5, అంటే 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం ఉన్నది. 120 మి.మీ. వ్యాసం, 180 మి.మీ. ఎత్తు ఉన్న ముక్కల్ని హ్యామర్ కింద నిలబెట్టి సగం ఎత్తుకు కొట్టాలి. మిల్లు సర్టిఫికెట్‌లో బీటా ట్రాన్సస్, అంటే లోహంలోని ఆల్ఫా అనే స్ఫటిక రూపం పూర్తిగా బీటా అనే రూపంలోకి మారిపోయే వేడి, 990 డిగ్రీలని ఉంది కాబట్టి ఫర్నేస్ 970కి పెట్టించాను. 14 ముక్కలూ ఒక్క పగులు లేకుండా వచ్చాయి. ఒకటి కోసి మైక్రోస్కోప్ కింద చూస్తే అంచుల దగ్గర గుండ్రటి ఆల్ఫా చక్కగా ఉంది. మధ్యలో మాత్రం అక్కడక్కడా చిన్న గుండ్లు తప్ప మిగతాదంతా పొరలు పొరలుగా ఉంది. కస్టమర్ ఆ పొరల నిర్మాణాన్ని ఒప్పుకోరు, డ్రాయింగ్ మీదే రాసి ఉంది. మా ఓనర్ "ఫర్నేస్ సెట్ చేసింది నువ్వే, నువ్వే తేల్చు. 730లో రెండు గంటలు అనీల్ చేస్తే, అంటే ఊరికే వేడిలో ఉంచితే, సర్దుకుంటుంది. అంచు ఫోటో పంపితే చాలు" అంటున్నారు. మా మేస్త్రి మాత్రం "మేడమ్, ఈ లోహం భలే ఉంది, కొట్టేకొద్దీ మెత్తబడింది" అని సంబరపడ్డాడు. పది రోజులుగా నాకు నిద్ర లేదు. తప్పు నాదేనా? అనీల్ చేస్తే ఆ పొరలు పోతాయా?

సమాధానం: అమ్మా, రెండో ప్రశ్నకు జవాబు చిన్నది కాబట్టి ముందు అదే చెప్పేస్తాను. పోవు. 730 కాదు కదా, 900లో పెట్టినా రెండు గంటల్లో ఆ పొరలు పోవు. ఎందుకు పోవో తర్వాత చెబుతాను.

మొదటిది తేలాలంటే మీ మేస్త్రి మాట దగ్గర ఆగాలి. ఎర్రగా కాలిన ముక్కను కొడుతూ ఉంటే ఏం జరగాలి? వేడి దిగాలి, లోహం గట్టిపడాలి, చివరి దెబ్బలకు హ్యామర్ ఎగిరెగిరి పడాలి. స్టీల్ మీద చేయి తిరిగిన వాళ్లెవరినడిగినా ఇదే చెబుతారు. మీ మేస్త్రికి అనుభవమైంది దీనికి తలకిందులు. కొట్టేకొద్దీ మెత్తబడిందంటే, ఫర్నేస్ నుంచి బయటకొచ్చాక కూడా ఆ ముక్క లోపల ఏదో వేడెక్కుతోందన్నమాట. ఆయన సంబరపడ్డాడు గానీ, నీ సమస్యకు మొదటి సాక్ష్యం అదే.

లెక్క వేసి చూద్దాం. 180 ఎత్తును 90కి తెచ్చావు, అంటే స్ట్రెయిన్ (వైకల్యం కొలత, ఎత్తుల నిష్పత్తికి సహజ లాగరిథమ్) సుమారు 0.7. 970 దగ్గర, హ్యామర్ వేగంలో, ఈ మిశ్రమం దాదాపు 200 మెగాపాస్కల్స్ ఎదురు తిరుగుతుందనుకో. ఈ రెంటినీ గుణిస్తే ఒక్కో ఘనమీటరుకు 140 మెగాజౌల్స్ పని. అందులో 95 శాతం దాకా వేడిగానే మారుతుంది. సాంద్రత ఘనమీటరుకు 4430 కిలోలు, ఆ వేడిలో విశిష్టోష్ణం కిలోకు డిగ్రీకి సుమారు 700 జౌల్స్. భాగిస్తే 43 డిగ్రీలు వస్తుంది. నువ్వు ట్రాన్సస్‌కి కింద వదిలిన ఖాళీ 20. పైగా ఈ 43 సగటు మాత్రమే. నిలబెట్టి కొట్టిన ముక్కలో వైకల్యం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. పైనా కిందా డైకి (ముక్కను నొక్కే ఉక్కు దిమ్మకు) తగిలే చోట లోహం దాదాపు కదలదు, పైగా చల్లని డై దాని వేడిని లాగేస్తుంది. కదలాల్సిందంతా మధ్యలో, ఇంటూ గుర్తు ఆకారంలో కదులుతుంది. అక్కడ స్ట్రెయిన్ సగటుకు ఒకటిన్నర రెట్లు ఉన్నా 60 డిగ్రీలు దాటుతుంది. ఆల్ఫా బీటాగా మారేటప్పుడు కొంత వేడిని మింగుతుంది, అందుకని ఒక పది పదిహేను డిగ్రీలు తీసేయి. తీసేసినా నీ ముక్క నడుమ 1010 దాటి ఉంటుంది.

ఆ వేడి చప్పున బయటికి పోదా అంటావేమో. టైటానియంలో అదే చిక్కు. గది ఉష్ణోగ్రత దగ్గర గ్రేడ్ 5 మామూలు కార్బన్ స్టీల్‌తో పోలిస్తే ఏడో వంతే వేడిని ప్రసరింపజేస్తుంది. కొలిమి వేడిలో ఆ తేడా తగ్గుతుంది గానీ, 120 మి.మీ. ముక్క మధ్యలో పుట్టిన వేడి అంచు దాకా రావడానికి రెండు నిమిషాలైనా పడుతుంది. హ్యామర్‌కి అంత ఓపిక ఉండదు కదా.

ఇక నువ్వు చూసిన మైక్రోస్కోప్ బొమ్మ. మిల్లు నుంచి వచ్చిన బార్‌లో గుండ్రటి ఆల్ఫా ఉంటుంది. నేను కుర్రాళ్లకు చెప్పేటప్పుడు సగ్గుబియ్యం పాయసం అంటాను. సగ్గుబియ్యం గింజలు ఆల్ఫా, చుట్టూ ఉన్న పాలు బీటా. గ్రేడ్ 5 వేడెక్కేకొద్దీ గింజలు పాలలో కరుగుతూ పోతాయి. సుమారుగా 940 దగ్గర మూడో వంతు గింజలుంటే 970 దగ్గర అందులో సగమే మిగులుతాయి, ట్రాన్సస్ దాటితే అన్నీ పాలే. అక్కడి నుంచి చల్లారేటప్పుడు ఆల్ఫా మళ్లీ పుడుతుంది గానీ గింజలుగా పుట్టదు, సేమ్యాలా పుడుతుంది. బీటా గ్రెయిన్ (ఒక్కో బీటా స్ఫటికం) అంచున మొదలై లోపలికి సన్నని పలకలుగా పెరుగుతుంది. మెల్లగా చల్లారితే ఒకే దిక్కుకు పేర్చిన మందపు పలకల కట్టలవుతాయి. కాస్త వేగంగా చల్లారితే అడ్డదిడ్డంగా బుట్ట అల్లికలా వస్తాయి. నీళ్లలో ముంచితే సూదుల్లాంటి మార్టెన్‌సైట్ వస్తుంది. ఇదంతా అడ్డగోలుగా జరిగేది కాదు. బీటా స్ఫటికంలోని కొన్ని తలాలకు ఆల్ఫా తన అడుగు తలాన్ని సరిగ్గా ఆనించి పెరుగుతుంది. 1934లో బర్గర్స్ అనే శాస్త్రవేత్త దీన్ని జిర్కోనియంలో కనిపెట్టాడు, టైటానియానికీ అదే సూత్రం. ఒక్క బీటా గ్రెయిన్‌లో ఆల్ఫా 12 దిక్కుల్లో మాత్రమే నిలబడగలదు. ఈ 12ను గుర్తుంచుకో, చివర్లో పనికొస్తుంది.

ఇప్పుడు నీ కోత ముక్కను మళ్లీ చూడు. అంచుల్లో గింజలున్నాయంటే ఫర్నేస్‌లో ముక్క ట్రాన్సస్ దాటలేదు. దాటి ఉంటే ముందు అంచులే దాటేవి. అంటే ఫర్నేస్ నిర్దోషి, దాన్ని సెట్ చేసిన నువ్వూ దాదాపు అంతే. నడుమ అక్కడక్కడా చిన్న గుండ్లు మిగిలాయన్నావు చూడు, నాకు ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మాట అదే. అవి కరుగుతూ కరుగుతూ సగంలో ఆగిపోయిన గింజలు. ట్రాన్సస్ పైన గంటల తరబడి ఉండి ఉంటే ఒక్కటీ మిగలదు, బీటా గ్రెయిన్లు మిల్లీమీటరు సైజుకు పెరిగి కంటికే కనిపించేవి. నీ ముక్క మధ్య భాగం కొద్ది నిమిషాలే పైకి వెళ్లి దిగివచ్చింది. వేడి బయటి నుంచి రాలేదు, లోపలే పుట్టింది.

పలకలు మందంగా ఉన్నాయా? ఉంటే ఇంకో సంగతి కూడా చెప్పగలను. కొట్టిన ముక్కల్ని ఒకదాని మీద ఒకటి ఇనప బిన్‌లో పోశారా? స్టీల్ షాపుల్లో అందరూ చేసేదే. ఆ కుప్ప లోపలి ముక్కలు గంటల కొద్దీ చల్లారుతూ ఉంటాయి, సేమ్యా లావవుతుంది. టైటానియం ముక్కల్ని విడివిడిగా, గాలి ఆడేలా నేల మీద పరవాలి.

"దాదాపు" నిర్దోషివి అన్నాను. ఆ దాదాపు ఎక్కడుందంటే, 970 అంకెను ఫర్నేస్ కోసం ఎంచావు, హ్యామర్ కోసం ఎంచలేదు. ఇది నీ ఒక్కదాని పొరపాటు కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక షాపులో సరిగ్గా ఇదే వాదన చేశాను. పైరోమీటరు కాగితం పట్టుకుని, నా ఉష్ణోగ్రత సరిగ్గా ఉంది, లోపం బార్‌లోనే ఉందని సప్లయర్‌కి రెండు పేజీల ఉత్తరం రాశాను. వాళ్లు అదే హీట్‌కి (ఒకే విడతలో కరిగించి పోసిన లోహానికి) చెందిన బార్ ముక్కను పరీక్షించి శుభ్రంగా ఉందని పంపించారు. ఆ కాగితం ఎక్కడ దాచుకోవాలో తెలియక అవస్థపడ్డాను.

ఇక అనీలింగ్. సేమ్యా పాయసాన్ని పొయ్యి మీద అలాగే ఉంచితే సేమ్యా ఉబ్బుతుంది, లావవుతుంది, సగ్గుబియ్యం అయిపోదు కదా. పలకలు గింజలుగా మారాలంటే ముందు విరగాలి. ఆల్ఫా-బీటా వేడిలో, అంటే ట్రాన్సస్‌కి దిగువన, కొట్టినప్పుడు ఏం జరుగుతుందంటే, పలక వంగుతుంది, కొన్ని చోట్ల మోకాలిలా మడత పడుతుంది. ఆ మడతల దగ్గర స్ఫటిక జాలకంలో చిన్న చిన్న సరిహద్దులు ఏర్పడతాయి. ఆ సరిహద్దు పలక ఉపరితలాన్ని తాకిన చోట గాడి పడుతుంది. బీటా ఆ గాడిలోకి అటూ ఇటూ నుంచి చొరబడి పలకను తెంపేస్తుంది. తెగిన ముక్కల కొనలు తలతన్యత వల్ల నెమ్మదిగా గుండ్రబడతాయి, సన్నటి నీటి ధార బొట్లు బొట్లుగా విడినట్టు. దీన్నే గ్లోబ్యులరైజేషన్ అంటారు. దెబ్బ లేకపోతే సరిహద్దు లేదు, సరిహద్దు లేకపోతే గాడి లేదు. ఉత్త వేడి చేయగలిగిందల్లా విరిగిన పలకల్ని గుండ్రంగా చేయడం, మందాన్ని పెంచడం. 730 దగ్గర అయితే పరమాణువులు కదిలే వేగానికి అదీ పెద్దగా జరగదు. అనీలింగ్ వల్ల ముక్కలోని ఒత్తిళ్లు పోతాయి, అందుకు అది మంచిదే.

అందులోనూ అన్ని పలకలూ ఒకేలా విరగవు. దెబ్బ దిశకు నిలువుగా ఉన్న కట్టలు మడత పడతాయి, వాలుగా ఉన్నవి తేలిగ్గా జారి తెగుతాయి, అడ్డంగా పడుకున్న కొన్ని కట్టలు మొండిగా అలాగే ఉండిపోతాయి. పూర్తిగా గింజలు కావాలంటే ఎత్తును 60, 70 శాతం దాకా తగ్గించాల్సి వస్తుంది. అది కూడా మెల్లగా. మీ 14 ముక్కలకు ఇప్పటికే తుది ఆకారం వచ్చేసింది. అంత పని చేయడానికి వాటిలో లోహం లేదు. కాబట్టి రీవర్క్ అనే ఆశ వదిలెయ్యి.

ఓనర్ అడిగిన అంచు ఫోటో సంగతి. పంపకు. పొరల నిర్మాణం ఎందుకూ పనికిరానిదని కాదు, పగులు పాకడాన్ని అది గింజల కంటే బాగా ఆపుతుంది, క్రీప్‌కి (వేడిలో, భారం కింద మెల్లగా సాగిపోవడానికి) కూడా బాగా నిలుస్తుంది. కొన్ని భాగాలకు కావాలనే ట్రాన్సస్ పైన ఫోర్జ్ చేస్తారు. కానీ సాగే గుణం తగ్గుతుంది, పదే పదే భారం పడినప్పుడు పగులు మొదలవడం తొందరగా జరుగుతుంది. మీ కస్టమర్ ఆ ముక్కను ఎక్కడ పెడతాడో మనకు తెలియదు, అతనికి తెలుసు. అందుకని నడుము ఫోటో, అంచు ఫోటో రెండూ పెట్టి, 14 ముక్కలూ ఒకేలా కొట్టినవని రాసి, మినహాయింపు ఇస్తారా, రద్దు చేస్తారా అని అడగాలి. సుమారు 9 కిలోల చొప్పున 126 కిలోలు. స్క్రాప్‌గా పోతే మీ ఓనర్‌కి నొప్పే, అర్థం చేసుకోగలను. ఉత్తరం మీద సంతకం ఆయన్నే పెట్టమను. పెట్టనంటే నీ రిపోర్టులో నడుము ఫోటో ఉంచి, తేదీ వేసి, కాపీ నీ దగ్గర పెట్టుకో. క్వాలిటీ మనిషిగా నీ పని అక్కడితో అయిపోతుంది.

మైక్రోస్కోప్ కింద గింజలు కనిపిస్తే గండం గడిచినట్టేనా అంటే, అదీ కాదు. ఇందాక చెప్పిన 12 దిక్కులు గుర్తున్నాయా? ఒక పలకల కట్టలో పలకలన్నీ ఒకే దిక్కున ఉంటాయి. వాటిని సరిగ్గా విరగ్గొట్టకపోతే, గింజలైన తర్వాత కూడా పక్కపక్క గింజలన్నీ పాత కట్ట దిక్కునే పట్టుకుని ఉంటాయి. మామూలు మైక్రోస్కోప్‌లో విడివిడి గింజలు, లోహం దృష్టిలో మాత్రం ఒకే పెద్ద ముద్ద. దీన్ని మ్యాక్రోజోన్ అంటారు. 2017 సెప్టెంబర్ 30న పారిస్ నుంచి లాస్ ఏంజిలిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ ఎ380 విమానం ఇంజన్ గ్రీన్‌లాండ్ మీద బద్దలైంది. ఎవరికీ ఏమీ కాలేదు, విమానం కెనడాలోని గూస్ బేలో దిగింది. ఊడిపోయిన ఫ్యాన్ హబ్ (ఫ్యాన్ రెక్కల్ని పట్టి ఉంచే నడిమి భాగం) ముక్కను మంచులోంచి తవ్వి తీయడానికి 2019 దాకా పట్టింది. ఆ హబ్ మీ దగ్గరున్న మిశ్రమమే, 6 అల్యూమినియం, 4 వెనేడియం. ఫ్రెంచి దర్యాప్తు సంస్థ 2020లో తేల్చింది, పగులు అలాంటి ఒక మ్యాక్రోజోన్‌లో మొదలైందని. మీ ముక్కలు ఇంజన్‌కి వెళ్లేవి కాకపోవచ్చు. ఎందుకు చెప్పానంటే, డ్రాయింగ్ మీద ఆ ఒక్క వాక్యం ఎవరో సరదాకి రాసింది కాదని.

తర్వాతి లాట్‌కి ఏం చేయాలో చూద్దాం. ముందు ట్రాన్సస్‌ని నువ్వే కొలుచుకో. సర్టిఫికెట్ అంకె తప్పని కాదు, మీ ఫర్నేస్ చూపించే అంకెతో దాన్ని ముడి వేయాలి. అదే బార్ నుంచి చిన్న చిన్న ముక్కలు కోసి 960, 970, 980, 990, 1000 దగ్గర ఒక్కోటి అరగంట ఉంచి, తీసిన వెంటనే నీళ్లలో వెయ్యి. ఏ ముక్కలో గింజలు పూర్తిగా మాయమవుతాయో దాని ముందరి అంకెకూ దానికీ మధ్యలో ఉంది మీ ట్రాన్సస్. నాలుగు గంటల పని. ఎచింగ్‌కి (గింజలు కనిపించేలా కోత ఉపరితలాన్ని ఆమ్లంతో తినిపించడానికి) వాడే క్రోల్స్ ద్రావణంలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది, శాతం కొంచెమే అయినా చర్మం లోపలికి నొప్పి తెలియకుండా దిగుతుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ బల్ల మీద లేకుండా ఆ సీసా మూత తీయకు. ఇది మాత్రం ఓనర్ వద్దన్నా కొనిపించు.

ఆ తర్వాత ఫర్నేస్‌ని 930, 940 మధ్యకి దించు. లోహం గట్టిగా ఉందని మేస్త్రి గొణుగుతాడు, ఆల్ఫా వాటా ఎక్కువైతే గట్టిగానే ఉంటుంది. ఆల్ఫాది షడ్భుజి జాలకం, జారడానికి దారులు తక్కువ. బీటాది ఘనాకార (క్యూబిక్) జాలకం, దారులు ఎక్కువ, అందుకే 1010లో వెన్నలా అనిపించింది. ఎత్తును ఒక్క ఊపులో సగం చేయొద్దు, రెండు మూడు విడతలు చెయ్యి, మధ్యలో ముక్కను ఫర్నేస్‌కి పంపి నడుము, అంచు మళ్లీ ఒకే వేడికి రానివ్వు. అలాగని ఫర్నేస్ వేడి మరీ తగ్గించి, హ్యామర్‌తో బలంగా బాదితే ఇంకో గోతిలో పడతావు. వేడంతా సన్నటి పట్టీలో పోగై లోహం అక్కడే జారిపోతుంది. కోత మీద వాలుగా తెల్లగీతలా కనిపిస్తుంది, దాన్నే షియర్ బ్యాండ్ అంటారు. ఏ వేడిలో, ఏ వేగంలో ఏ గొయ్యి ఉందో చూపించే ప్రొసెసింగ్ మ్యాపులు దొరుకుతాయి. 1984లో వై.వి.ఆర్.కె. ప్రసాద్ అమెరికాలోని సహచరులతో కలిసి ఆ పద్ధతిని ప్రకటించినప్పుడు ఉదాహరణకు తీసుకున్నది టైటానియం మిశ్రమాన్నే, 6242 అనే దాన్ని. తర్వాత మన ఐఐఎస్సీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో) ఆయనా, విద్యార్థులూ గ్రేడ్ 5కి కూడా వేశారు. పీణ్యాలో మెట్రో ఎక్కితే పది నిమిషాల్లో యశవంతపురం, ఆ పక్కనే ఇన్‌స్టిట్యూట్. ఇంత దగ్గర్లో పెరిగిన విద్య మన షాపుల గోడల మీద ఒక్క చోటా కనిపించదు, అదేమిటో.

ఆ మ్యాపుల్లో గ్లోబ్యులరైజేషన్ బాగా జరిగే చోటు హ్యామర్‌కి అందనంత నెమ్మదిది. అందుకే డిస్కుల్లాంటి వాటికి డైని కూడా ముక్కంత వేడిగా ఉంచి మెల్లగా నొక్కుతారు. హైదరాబాద్‌లోని రక్షణ శాఖ లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్ఎల్ 2000 టన్నుల ప్రెస్ మీద టైటానియం కంప్రెసర్ డిస్కులు ఇలా చేసి చూపించినట్టు 2021లో ప్రకటించారు. మీకు అంత భాగ్యం ఉండదు. ఉన్న హ్యామర్‌తోనే చేయాలంటే డైని కనీసం 250 దాకా వేడి చేసి, ముక్కకు గాజు పూత పూయండి. పూత ఆక్సిజన్‌ని కూడా కొంత ఆపుతుంది. టైటానియం వేడిలో ఆక్సిజన్ తాగి పైన పెళుసు పొర కట్టుకుంటుంది, మెషినింగ్‌లో అది పూర్తిగా పోయేంత మందం వదిలావో లేదో చూసుకో.

మొదటి ట్రయల్ ముక్క కొట్టేటప్పుడు మాత్రం ఆఫీసులో కూర్చోకు. పుస్తకం పట్టుకుని హ్యామర్ దగ్గర, మేస్త్రి పక్కన నిలబడు. దెబ్బ దెబ్బకీ ఎత్తు రాసుకో. లోహం ఎన్నో దెబ్బకు మెత్తబడిందో ఆయన్ని అడుగు. తర్వాతి ముక్కకు ఆ దెబ్బ ముందే ఆపి, ఫర్నేస్‌కి పంపి, దాన్నే కోసి చూసి ఫోటోలు నాకు పంపు, కింద స్కేల్ బార్ ఉండేలా.